మొదటి వృత్తానికి రెండో గీత

నా పెళ్ళి పత్రికలో ఒక అబద్ధం అచ్చయింది. బంగారు రంగు అక్షరాల్లో, నా పేరు పక్కన కామా పెట్టి మరీ, బి.టెక్. అని.

నంద్యాలలో నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివిన మాట నిజం. ఒక్కటి తప్ప అన్ని సబ్జెక్టులూ పాసయిన మాటా నిజమే. ఆ ఒక్కటీ ఆటోమేటా థియరీ. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది. నాలుగోసారి రాసేలోపు ఆళ్లగడ్డ నుంచి సంబంధం వచ్చింది. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. మా వైపు పత్రికలో పేరు పక్కన చదువు వేయకపోతే చదువులేని పిల్ల అనుకుంటారు. ప్రెస్సు అతను ఏం వేయాలని అడిగితే మా నాయన క్షణం కూడా ఆలోచించలేదు. "అబ్బాయి పేరు పక్కన ఎం.కామ్. ఉండి, పాప పేరు పక్కన ఖాళీగా ఉంటే ఏం బాగుంటాదప్పా? బి.టెక్. అని ఏయ్. ఒక్క సబ్జెక్టే కదా, పెండ్లి లోపల అయిపోతాదిలే" అన్నాడు. పెళ్ళి అయిపోయింది. సబ్జెక్టు అట్లాగే ఉండిపోయింది.

మా ఆయనకు పెళ్ళయిన నెలలోనే చెప్పేశాను. ఆయన సేద్యం మనిషి, దేనికీ తొందరపడరు. "ఎవరు అడుగుతారులే" అన్నారు. ఆయన అన్నది తప్పు. అందరూ అడిగారు. మా అత్త ఏ పెళ్ళికి తీసుకుపోయినా "మా ఇంజనీరు కోడలు" అని పరిచయం చేసేది. వీధిలో ఎవరి బోరు మోటరు ఆగిపోయినా నన్ను పిలిచేవాళ్ళు. నేను చదివింది కంప్యూటర్లని చెప్పినా వినేవాళ్ళు కాదు. రెండుసార్లు స్టార్టరు ముందు నిలబడి ఫ్యూజు చూసి వచ్చాను కూడా. ఎనిమిదేళ్ళు అట్లా గడిచాయి. చదువు మాట వచ్చిన ప్రతిసారీ ఏదో పని కల్పించుకుని లోపలికి పోయేదాన్ని.

పోయిన సంవత్సరం రెండు సంగతులు ఒకే వారంలో జరిగాయి. మా పాపను బడిలో చేర్చే కాగితంలో తల్లి విద్యార్హత అని ఒక గడి ఉంది. మా ఆయన అలవాటుగా బి.టెక్. అని రాసి సంతకం పెట్టమని నాకిచ్చారు. పెట్టాను. అబద్ధం మీద నా చేత్తో నేను సంతకం చేయడం అదే మొదలు. మూడు రోజులకు నా పాత స్నేహితురాలు వాట్సాప్‌లో ఒక ప్రకటన పంపింది. మా బ్యాచుల్లో సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్ళు రాసుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం, ఆ తర్వాత పాత సిలబస్ పరీక్షలు ఉండవు అని. ఇప్పుడు పాస్ కాకపోతే ఆ రెండు అక్షరాలు జీవితాంతం అబద్ధంగానే మిగిలిపోతాయి.

పరీక్ష రాయాలంటే చదవాలి, చదవాలంటే ఇంట్లో చెప్పాలి. ఒక మధ్యాహ్నం మా అత్త వసారాలో కూర్చుని పప్పుశనగలు చెరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, నేను ఇంజనీరింగు పాస్ కాలేదు. ఒక సబ్జెక్టు మిగిలిపోయింది."

చేట ఆగింది. "ఏందీ?"

మళ్ళీ చెప్పాను.

"మీ నాయనకు తెల్సా?"

"తెలుసు."

"మావోనికి?"

"తెలుసు."

"అంటే నాకొక్కదానికే తెలీదు. ఊరంతా తిరిగి చెప్పిందేమో నేను."

తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, పాపకు జడ వేసింది, నన్ను మాత్రం గోడను చూసినట్టు చూసింది. మూడో రోజు పొద్దున పాలు కాస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది. "పరీచ్చ ఎప్పుడు?"

"రెండున్నర నెలలుంది."

"అయితే రేప్పొద్దుట్నుంచి నాలుగు లెక్కలు చేసినాకనే నువ్వు పొయ్యి కాడికి రావల్ల. అంతవరకు నేను చూసుకుంటా."

ఆ సాయంత్రమే ఆమె ఇంకో పని కూడా చేసింది. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళందరికీ చెప్పేసింది. "మా కోడలికి ఒక పరీచ్చ మిగిలిందంట. రాస్తాంది. రెండున్నర నెలలు ఎవరూ పేరంటాలని పిల్చొద్దండి." లోపలినుంచి విన్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళు గుట్టుగా దాచింది అర నిమిషంలో బజారున పడింది. కోపంతో ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. మర్నాడు కుళాయి దగ్గర పక్కింటామె "ఏం పరీక్షమ్మా?" అని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె "అట్లనా" అని బిందె ఎత్తుకుని పోయింది. అంతే. దీనికోసమా నేను ఇన్నేళ్ళు చచ్చాను అనిపించింది. మా అత్త చేసిన మేళ్ళు లెక్కపెడితే మొదట రాయాల్సింది ఇదే. ఆ రోజు మాత్రం ఆమెను మనసులో బాగా తిట్టుకున్నాను.

ఇక చెప్పేవాళ్ళు కావాలి. ఆ సబ్జెక్టు మాకు చెప్పిన మేడం పదవీ విరమణ చేసి నంద్యాలలోనే, రైల్వేస్టేషను వైపు ఒక చిన్న ఇంట్లో ఒక్కరే ఉంటున్నారని తెలిసింది. ఆమె పేరు వింటేనే నాకు పడదు. ఒకసారి క్లాసులో నా పేపరు చేతికిస్తూ "ఈ పాపకు బాణాలు గీయడం వచ్చు, ఆలోచించడం రాదు" అన్నారు, అరవై మంది ముందు. ఆ మాటను ఇన్నేళ్ళూ ఊరగాయలా ఊరబెట్టుకున్నాను. కానీ అవసరం నాది. ఫోను చేశాను.

ఏ బ్యాచో చెప్పగానే ఆమె అడిగారు. "మూడో బెంచి, కిటికీ పక్కన. ఏం చెప్పినా తల ఊపేదానివి. నువ్వేనా?"

"నేనే మేడం."

"తల ఊపకుండా వింటానంటే ఆదివారం రా."

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. మా అత్త ఒక స్టీలు డబ్బాలో భక్ష్యాలు పెట్టిచ్చింది. పాఠం చెప్పేవాళ్ళ ఇంటికి వట్టి చేతుల్తో పోకూడదని. శిరివెళ్ళ దాటేవరకు ఆ డబ్బా ఒళ్ళో వేడిగా ఉంది.

ఈ సబ్జెక్టు ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. కాగితం మీద ఒక యంత్రాన్ని గీయాలి. వృత్తాలు, వాటి మధ్య బాణాలు, అంతే. ఆ యంత్రానికి సున్నాలూ ఒకట్లూ ఉన్న ఒక వరస ఇస్తారు. అది ఒక్కో అంకె చదువుతూ బాణం వెంట ఒక వృత్తంలోంచి ఇంకో వృత్తంలోకి పోతుంది. వరస అయిపోయేసరికి రెండు గీతల వృత్తంలో ఉంటే ఆ వరసను ఒప్పుకున్నట్టు, ఒంటి గీత వృత్తంలో ఉంటే తోసేసినట్టు. ఏ వరసల్ని ఒప్పుకోవాలో లెక్కలో చెప్తారు, అందుకు తగ్గ యంత్రం మనం గీయాలి. నా నోటుబుక్కు చూసి మా అత్త "ఇవేం ముగ్గులే?" అంది. ముగ్గులైతే నాకు ఎప్పుడో వచ్చేవి.

మేడం పాఠం చెప్పలేదు. లెక్కలిచ్చారు. వారానికి ముప్పై. వాటిని నేను రోజూ పొద్దున నాలుగో ఐదో చేసేదాన్ని, మా అత్త పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసి ఎన్నయ్యాయో అడిగేది. ఆమెకు చదువు రాదు కానీ పేజీలు లెక్కపెట్టడం వచ్చు. మూడు చేసి నాలుగన్నానని ఒకసారి పట్టుకుంది కూడా. ఆదివారం ఆ నోటుబుక్కు మేడం ముందు పెట్టేదాన్ని. ఆమె ఆకుపచ్చ పెన్ను పట్టుకుని, అద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, ఒక్కో బాణం మీద వేలు పెట్టి నడిపించేవారు. "ఈడికి వచ్చినావ్. ఇప్పుడు సున్న వచ్చింది. యాడికి పోతావ్?" నేను చెప్పేదాన్ని. తప్పైతే తిట్టేవారు. మళ్ళీ చేయించేవారు. ఎన్నిసార్లయినా, ఓపిగ్గా, తిడుతూ. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, నా దగ్గర నుంచి ఆమెకు వచ్చేదేమీ లేదు. అయినా ఒక్క ఆదివారం కూడా "ఈ వారం వద్దులే" అనలేదు. ఆమె మీద పెట్టుకున్న కోపం ఎప్పుడు కరిగిపోయిందో నాకే తెలియదు.

ఐదో ఆదివారం ఆమె నోటుబుక్కు మూసి నా వైపు చూశారు.

"నువ్వు అన్ని తప్పులూ చేయడం లేదమ్మా. ఒకే తప్పు అన్ని లెక్కల్లో చేస్తాండావ్."

లెక్క ఇది. సున్నాలు సరిసంఖ్యలో ఉన్న వరసల్ని మాత్రమే ఒప్పుకునే యంత్రం గీయాలి. రెండు సున్నాలుంటే సరే, నాలుగుంటే సరే, ఒకటో మూడో ఉంటే కాదు. ఇది రెండే రెండు వృత్తాల పని. నేను మూడు గీశాను. ఎందుకంటే అసలేమీ లేని వరస కూడా ఒకటి ఉంటుంది, ఖాళీ వరస. అందులో సున్నాలు ఎన్ని? ఒక్కటీ లేదు. ఒక్కటీ లేకపోవడం కూడా సరిసంఖ్యే. కాబట్టి యంత్రం ఏమీ చదవకముందే, మొదటి వృత్తంలోనే ఔననాలి. మొదటి వృత్తానికి రెండో గీత పెట్టాలి. నా చెయ్యి పెట్టలేదు. ఖాళీ వరసను తోసేయడానికని నేను ఇట్లాంటి ప్రతి లెక్కలోనూ ఒక అదనపు వృత్తం కల్పించుకుంటున్నాను. ఆమె వెనక్కి తిప్పి చూపించారు. ఇరవై రెండు లెక్కల్లో అదే. మూడుసార్లు పరీక్ష పోవడానికి ఈ ఒక్కటీ చాలు.

"ఎందుకు పెట్టవు?"

"ఏమీ లేనిదాన్ని ఎట్లా ఒప్పుకుంటాం మేడం? తప్పనిపిస్తుంది."

"ఎవరికి తప్పు? నీకా, యంత్రానికా?" గంటసేపు తిట్టారు. పన్నెండు లెక్కలు అక్కడికక్కడే చేయించారు. ఎనిమిదింటిలో మళ్ళీ అదే తప్పు. నాకు ఏడుపొచ్చింది. బస్సుకు టైమైందని లేచాను.

ఆమె మా డబ్బా ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్ళారు. మా వైపు ఎవరైనా ఏదైనా గిన్నెలో పెట్టి పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏదో ఒకటి వేసిస్తారు, ఇంత బెల్లమైనా, చారెడు బియ్యమైనా. మేడం ప్రతి వారం అట్లాగే, ఒకసారి నిమ్మకాయలు, ఒకసారి బుడ్డల పొడి, అదే వేరుశనగ పొడి, వేసిచ్చేవారు. ఆ రోజు లోపల డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పల్లె వెలుగు బస్సు పోతుందని నేను గడపలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నాను. తొంగి చూస్తే ఆమె ఒక చేతిలో మా డబ్బా, ఇంకో చేతిలో నాలుగు ఎండుమిరపకాయలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయి ఉన్నారు.

"ఏమైంది మేడం?"

"ఇంట్లో ఏమీ లేవు. ఈ నాలుగు మిరపకాయలైనా ఏద్దామని ఎదుకుతాండా, పది నిమిషాల నుంచి." ఆగి, నా ముఖం చూశారు. "ఇంతసేపు నిన్ను తిట్టిన తప్పు, నేను ఈడ నిలబడి చేస్తాండా."

ముందు ఆమె నవ్వారు. తర్వాత నేను. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. క్లాసులో ఎప్పుడూ చూడలేదు.

మిరపకాయలు తిరిగి సీసాలో వేసి, డబ్బాకు మూత పెట్టి నా చేతికిచ్చారు. "ఖాళీది తీసుకుపో. మీ అత్త అడిగితే ఇదే ఈ వారం లెక్క అని చెప్పు. మన ఇండ్లల్లో ఖాళీ అంటే తప్పు. అది మన మర్యాద, ఉండనీ. యంత్రానికి ఆ మర్యాద లేదు. ఏమీ లేదు అంటే దానికి అదీ ఒక జవాబే."

బస్సులో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మా నాయన గుర్తొచ్చాడు. కూతురి పేరు పక్కన ఖాళీ ఉండటం ఆయన చూడలేకపోయాడు. మర్యాద తక్కువవుతుందని చేతికందిన రెండక్షరాలు వేసి నింపేశాడు, అంతే. మోసం చేద్దామని కాదు. ఇన్నేళ్ళూ లోపల్లోపల ఆయన మీద ఉన్న కోపం ఆ బస్సులోనే సగం తగ్గింది. ఆ ఖాళీని నేను కూడా భరించలేకపోయాను కదా.

ఇంట్లో మా అత్త డబ్బా మూత తీసి చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. "ఏమ్మే, మేడానికి కోపమొచ్చిందా?"

"లేదత్తా. అదే నాకు రాని లెక్కంట."

ఆమె డబ్బా లోపలికి ఇంకోసారి చూసింది. "సరే. ఎవరికీ చెప్పొద్దు, ఏమన్నా అనుకుంటారు" అని కడిగి బోర్లించింది. ఆ వారం ముప్పై లెక్కల్లో ఒక్కదాంట్లో కూడా ఆ తప్పు రాలేదు.

పరీక్ష నంద్యాలలోనే, వేరే కాలేజీలో పడింది. మా అత్త నాతో బస్సెక్కింది. వద్దన్నా వినలేదు. మూడు గంటలూ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన బల్ల మీద కూర్చుందని తర్వాత తెలిసింది. పాత బ్యాచుల వాళ్ళం ఒక గదికి సరిపోయేంత మందిమి. నెరిసిన జుట్టు ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. మొదటి ప్రశ్న, సున్నాల సంఖ్య మూడుతో భాగించబడే వరసలు. నేను పెన్ను తీసి ముందు ఒక వృత్తం గీశాను, వెంటనే దాని లోపల రెండో గీత పెట్టాను. బాణాలు ఆ తర్వాత. ఆఖరి ప్రశ్న మాత్రం నాకు రాలేదు. రాకపోయినా ఏదో ఒకటి రాసి పేజీలు నింపడం మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన విద్య. ఆ పేజీ అట్లాగే వదిలేసి, ఉన్న టైములో రాసినవి మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాను. రెండు తప్పులు దొరికాయి, దిద్దాను.

ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం ఫోనులో చూశాను. పాస్ అని ఉంది. నాలుగుసార్లు చూశాను. మా ఆయనకు చేస్తే "అయిపోయిందా, మంచిది" అన్నారు. మా నాయనకు చేస్తే అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. మేడం మార్కులడిగారు. చెప్పాను. "తక్కువే. ఇంకా రావల్ల" అన్నారు. నేను థాంక్స్ చెప్పడం మొదలుపెడితే ఫోను పెట్టేశారు. ఆమెకు చెప్పాలనుకున్నది ఇక్కడ చెప్తున్నాను. మేడం, నాకు ఆలోచించడం మీరే నేర్పారు. క్లాసులో మీరన్న మాట నిజమే.

మా అత్త పొలం నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. గడపలోనే చెప్పాను. ఆమె కాళ్ళు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని, వసారాలో చాప వేసి కూర్చుంది. పక్కన చోటు చూపించింది.

"కూచో. ఇప్పుడు చెప్పు. ఆ చదువులో ఏముందో."

ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళలో నా చదువు గురించి నేను ఒక్క వాక్యం చెప్పలేదు. ఎక్కడ పట్టుబడతానో అని. ఆ సాయంత్రం నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు పరిచాను. వృత్తమంటే ఏమిటో, బాణం ఎందుకో, యంత్రం ఎప్పుడు ఔనంటుందో, ఎప్పుడు కాదంటుందో అన్నీ చెప్పాను. చీకటి పడి లైటు వేసుకుని కూడా చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా చూపు తిప్పుకోలేదు. అంతా అయ్యాక నోటుబుక్కును దగ్గరికి లాక్కుని కాసేపు చూసింది.

"నాకేమీ అర్థం కాలే మే" అంది. "మళ్ళా మొదుట్నుంచి చెప్పు."

చెప్పాను.